నిట్టాడుకు చుట్టిన జీడి

పేరిందేవమ్మ ఇంటికి ఆనాడు తలుపులు లేవు. వీధి తలుపూ, పెరటి తలుపూ ఊడదీసి నడవలో పక్కపక్కన పరిచారు. ఇంట్లో ఉన్న నూనె అంతా వాటికే పట్టించారు. జీడి మిఠాయి కోసం కాచిన కాగెడు బెల్లప్పాకం ఒక్కసారిగా పోయడానికి ఆ జీళ్ళపాలెంలో అంతకంటే పెద్ద పళ్ళెం దొరకలేదు.

పెరట్లో, వడ్లు ఉడకబెట్టే కాగు కింద చింతమొద్దులు భగభగ మండుతున్నాయి. కాగులోని పాకం మొదట తేనెరంగులో పొంగింది. తరువాత రాగిరంగుకు తిరిగింది. ఇప్పుడు దాని మీద బుడగలు లేచి పగులుతుంటే కెంపులు రాశిపోసి కదిలిస్తున్నట్టుంది. ఆ వాసనకు చుట్టుపక్కల తోటల్లోని తేనెటీగలన్నీ వచ్చి, చూరు పొడవునా బంగారు తోరణంలా వేలాడాయి.

"తిప్పు బాబూ, ఆపకు. అడుగంటితే చేదెక్కుతాది," అంది పేరిందేవమ్మ.

ఆమె గరిటె కొసతో ఒక చుక్క తీసి చన్నీళ్ళలో వేసింది. గట్టిపడ్డ చుక్కను గిన్నె అంచుకేసి కొట్టింది. మెత్తటి చప్పుడు వచ్చింది.

"ఇంకా రాలేదు. టంగుమనాల."

తెడ్డు తిప్పుతున్న యువకుడి అరచేతులు బొబ్బలెక్కాయి. అతడు ఉప్పు వర్తకుడినని చెప్పుకుని ఆ ఇంట్లో దిగాడు. పేరిందేవమ్మ కోడలు గవరమ్మ మాత్రం ఆ మాట నమ్మలేదు.

"ఉప్పు మోసిన సేతులేటి ఇవి? పట్టు దిండు మోసుంటాయి," అని ఆమె పొద్దుట నుంచి దెప్పుతూనే ఉంది.

ఆమె అనుమానం నిజమే. అతడు కుందనగిరి యువరాజు జయంధరుడు. నడవ మూల గొంగడి కప్పుకుని కూర్చున్న అమ్మాయి అతని చెల్లెలు కువలయ. గొంగడి కింద ఆమె నడుము వరకూ రాయి.

ధూమ్రజిహ్వుడనే మాంత్రికుడు కుందనగిరి కొలువుకు వచ్చి తన మహిమలు చెప్పుకుంటుంటే కువలయ కిసుక్కున నవ్వింది. అదే ఆమె చేసిన తప్పు. వాడు ఆమె గొంతును నల్లరాతి భరిణెలో బంధించి, ఉడుముకోన గుహను కాచే రాకాసి ఉడుము నాలుక కింద దాచాడు. గొంతు పోయిన నాటి నుంచి ఆమె పాదాలు మొదలుకుని రాయి పైకి పాకుతోంది. ఈ సాయంత్రం సూర్యుడు కుంగేసరికి అది పెదవులు చేరుతుంది. పెదవులు రాయి అయ్యాక గొంతు దొరికినా, అది తిరిగి వచ్చి ఉండడానికి చోటు ఉండదు.

ఆ ఉడుము మీదికి పోయిన సైనికులు తిరిగి రాలేదు. పోయిన ఏనుగులూ తిరిగి రాలేదు. కడకు అడవిలో ఒక ముసలి ముని ఉపాయం చెప్పాడు. "నాయనా, దాని నోరు తెరిపించడం కష్టం కాదు, తెరిచిన నోరు మూసుకోకుండా నిలపడమే కష్టం. ఇనుము పెడితే నమిలేస్తుంది. మంత్రించినది పెడితే బూడిద చేస్తుంది. సంసారుల ఇంట్లో, సంసారుల చేతులు లాగిన జీడి, తాటిమాను లావున, శంఖమంత తెల్లగా, నేల తగలకుండా తెచ్చి పెట్టు. కోరలు అందులో దిగి ఇరుక్కుంటాయి. ఆ కాసేపట్లో నీ చేయి దాని నాలుక కిందికి పోవాలి. ఒకటి గుర్తుంచుకో. పొయ్యి వెలుగుతున్న ఇంట్లో ఆ మాంత్రికుడి కొత్త మంత్రమేదీ పారదు. గడప దాటితే నేను చెప్పలేను."

పేరిందేవమ్మ ఈసారి చుక్కను గిన్నె అంచుకు తాకించగానే గుడిగంట మోగినట్టు టంగుమంది.

"వచ్చేసింది! ఒలే గవరా, పట్టు!"

ముగ్గురూ కాగుకు గడకర్రలు దూర్చి ఎత్తారు. పాకం తలుపుల మీద పడి, సంధ్యాకాంతి పరుచుకున్నట్టు నడవంతా పరుచుకుంది. అంచులు చల్లబడుతున్నకొద్దీ లోపలికి మడిచారు. కాస్త పట్టు వచ్చాక ముద్దగా చుట్టి ఎత్తి, ఇంటి నడుమ కప్పును మోస్తున్న నిట్టాడు గుంజకు మెలివేసి తగిలించారు. చిన్న జీళ్ళయితే గోడకొయ్య చాలు. ఈ బరువుకు నిట్టాడు తప్ప ఏదీ ఆగదు. అది కూడా కిర్రుమంది. కప్పులోంచి తాటాకు దుమ్ము రాలింది.

"ఇక లాగడం మొదలెడితే ఆపకూడదు బాబూ," అంది పేరిందేవమ్మ. "ఆగితే ఆగినకాడే రాయైపోతాది. దురదేసినా గోక్కోకు, పామొచ్చినా వదలకు."

జయంధరుడు చెల్లెలి వైపు ఒకసారి చూసి జీడి పట్టుకున్నాడు.

లాగారు, మడిచారు, మళ్ళీ నిట్టాడుకు వేసి లాగారు. వేడికి చేతుల తోలు ఊడివచ్చినట్టుంది. ఏనుగు తొండంలా నల్లగా ఉన్న ముద్ద కాసేపటికి తేనెరంగుకు వచ్చింది. ఇంకాసేపటికి ఎండుగడ్డి రంగుకు వచ్చింది. లోపల గాలి చేరి సన్నటి గీతలు పట్టులా మెరిశాయి. గొంగడి కింద రాయి కువలయ పొట్ట దాటి పక్కటెముకల మీదికి ఎక్కింది. ఆమె కదలకుండా చూస్తోంది. కదలడానికి ఆమెకు ఇంక చేతులూ మెడా మాత్రమే మిగిలాయి.

మడత వేయడానికి జీడిని నిట్టాడు నుంచి తప్పించి ఎత్తిన సమయంలో, తలుపు లేని గుమ్మంలో ఒక ముసలమ్మ నిలబడింది. నెత్తిన మూట, చేతిలో కర్ర, మోకాళ్ళ దాకా దుమ్ము.

"తీర్థానికి పోతన్నాను తల్లీ. గుక్కెడు నీళ్ళు పోత్తారా?"

జీళ్ళపాలెంలో ఒక కట్టుబాటు ఉంది. పాకం లాగుతున్న ఇంటికి ఎవరొచ్చినా ఒక లాగు లాగి పోవాలి. చేయి వేయకుండా చూసిపోతే పాకం విరుగుతుందని వాళ్ళ నమ్మకం. అందుకే ఆ ఊళ్ళో పాకం వేళ ఎవరూ పొరుగింటి గడప తొక్కరు. వచ్చినవాళ్ళను మీరెవరని అడగడం కూడా లేదు. ముందు చేతికి జీడి ఇవ్వాలి, తరువాతే కుశలప్రశ్నలు.

"నీళ్ళు తరవాత, ముందు ఒక సెయ్యెయ్యి అమ్మా," అంది పేరిందేవమ్మ. "గవరా, సేతులకి నూనె రాయి."

"నూనె ఎక్కడిదత్తా? అంతా తలుపులే తాగేశాయి. ఇంద, ఈ బియ్యప్పిండితో సరిపెట్టుకో అమ్మమ్మా."

గవరమ్మ ఒక చేత్తో జీడి మోస్తూనే, రెండో చేత్తో ముసలమ్మ అరచేతుల్లో పిండి చల్లింది. ముసలమ్మ బోసినోరు తెరిచి నవ్వింది.

నిలబడ్డవాళ్ళకు ఆ నోటి లోపల ఏముందో కనపడలేదు. కింద కూర్చున్న కువలయకు కనిపించింది. నాలుక పొగచూరిన కుండలా నల్లగా ఉంది. అంచుల నుంచి సన్నగా పొగ వస్తోంది.

ఆమె పక్కనున్న కంచు పళ్ళేన్ని అరచేత్తో దబదబ బాదింది. ముసలమ్మ వైపు వేలు చూపింది. తన నాలుక బయటపెట్టి వేలితో చూపింది.

"అయ్యో, పొద్దుట్నించి వాసన సూస్తాంది, నోరూరదేటి!" అని గవరమ్మ కొనలో చిటికెడు జీడి తుంచి, పట్టు వదలకుండానే పక్కకు జరిగి ఆ పిల్ల నోట్లో పెట్టేసింది.

కువలయ పళ్ళు అతుక్కుపోయాయి. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారాయి.

"అంత తియ్యగుందేటి!" అని మురిసిపోయింది గవరమ్మ.

ముసలమ్మ జీడి కొన పట్టుకుంది. ఒక లాగు లాగింది. బలంగానే లాగింది. తరువాత వెనక్కి తిరిగి, ఆ కొన భుజాన వేసుకుని, గుమ్మం దాటి నడవసాగింది.

"ఇదిగో అమ్మా, ఎక్కడికి? ఒక్క లాగే!" అంది పేరిందేవమ్మ.

గడప దాటగానే మూట జారిపడింది. వంగిన నడుం నిటారైంది. దుమ్ముకొట్టుకున్న కోక నల్లటి పొగై పైకి లేచి, తాడిచెట్టంత మాంత్రికుడు వీధిలో నిలిచాడు. మెడలో కపాలమాల గలగలలాడింది. కన్నులు ఊదిన నిప్పుకణికల్లా వెలిగాయి. నడుముకు భస్మపు సంచి ఊగుతోంది.

"ధూమ్రజిహ్వుడు!" అని అరిచాడు జయంధరుడు.

అతని కత్తి గోడమూల ఉంది. అందుకోవాలంటే జీడి వదలాలి. వదిలితే నేల పడుతుంది. పడితే చెల్లెలు లేదు.

"నా ఉడుముకు జీడి తినిపిస్తారా?" అని వాడు విరగబడి నవ్వాడు. "పదండి, నేనే దారి చూపిస్తాను. అక్కడికి చేరేసరికి ఇది చిటికెనవేలంత సన్నగా సాగుతుంది. దాంతో పాటు మిమ్మల్నీ నంజుకుంటుంది."

వాడు ఒక్కో అడుగూ పొలం గట్టు నుంచి గట్టుకు వేస్తూ నడిచాడు. ఇటు కొన పట్టుకున్న ముగ్గురూ గుమ్మంలోంచి వీధిలోకి, వీధిలోంచి నువ్వు చేలలోకి వాడి లాగుడుకు కొట్టుకుపోయారు. నడుమ జీడి వేలాడుతూ సాగుతోంది.

"నేల తగలనీకండి! ఎత్తండి, ఎత్తండి!" అని కేకలు పెడుతోంది పేరిందేవమ్మ. ఆమె కొప్పు ఊడిపోయింది. గవరమ్మ జీడి కిందికి దూరి వీపుతో మోస్తూ పరుగెత్తింది. జయంధరుడు రెండు మడమలూ నేలకు తన్నిపెట్టాడు. నాగలి చాళ్ళలా రెండు గీతలు పడ్డాయి గాని నడక ఆగలేదు.

పొరుగువాళ్ళు గడపల్లో నిలబడి చూశారు. పాకం వేళ పరాయివాళ్ళ పాకం దగ్గరికి పోకూడదు కదా. ఒకరిద్దరు చెంపలు వాయించుకున్నారు. ఒక్కరూ అడుగు ముందుకు వేయలేదు.

"నేను కుందనగిరి యువరాజును! ఎవరైనా రండి!" అని అరిచాడు జయంధరుడు.

"యువరాజువా? పొద్దుటే సెప్పుంటే కాస్త మంచి కూరొండేదాన్ని కదా!" అంది గవరమ్మ రొప్పుతూ. "ఎవరైతేనేటి, సెయ్యి మాత్రం వదలకు!"

ఇంట్లో కువలయ ఒక్కతే మిగిలింది. పొయ్యి మండుతోంది. తేనెటీగలు తలుపుల మీది పాకం మరకలకు ముసిరాయి. రాయి ఆమె భుజాలు దాటి మోచేతులను పట్టుకుంది. కంచు పళ్ళెం మీద ఆమె చెయ్యి అలాగే నిలిచిపోయింది.

ఉడుముకోనలో పడమటి కొండ నీడ పొడుగ్గా సాగి ఉంది. గుహ ముందు నల్లరాళ్ళ గుట్ట ఒకటి కదిలింది. అది గుట్ట కాదు, ఉడుము. ఏనుగుకు రెండింతలు. వీపున నాచు పట్టిన పలకలు, వాటి సందుల్లో మొలిచిన తుమ్మపొదలు. అది ఊపిరి వదిలితే లోయలోని పొగమంచు రెండు పాయలుగా చీలిపోయింది. మూతి తెరిస్తే కోరలు గుంజల్లా కనిపించాయి. వాటి వెనక, ఊదారంగు నాలుక కింద, నల్లరాతి భరిణె మిలమిలలాడింది.

జయంధరుడు జీడి వైపు చూశాడు. అది ఇప్పుడు అచ్చంగా శంఖమంత తెల్లగా ఉంది. దారి పొడవునా సాగి సాగి తెలుపు తేలింది. కాని తాటిమాను లావు పోయి, మనిషి చేయి లావున మిగిలింది. ఉడుము దాన్ని ఒక్క కొరుకుతో రెండు చేస్తుంది.

"ఇక చాలు," అని ధూమ్రజిహ్వుడు భస్మపు సంచి కోసం చేయి దించబోయాడు. చెయ్యి రాలేదు. రెండో చేయి లాగాడు. అదీ రాలేదు. నూనె లేని అరచేతులు. బియ్యప్పిండి చెమటకు ఎప్పుడో కరిగిపోయింది. జీడి వాడి వేళ్ళ సందుల్లోకి దిగి బిగుసుకుంది.

వాడి మొహం మారడం ముందుగా గవరమ్మ చూసింది.

"అత్తా! సేతులంటుకున్నాయి వాడికి! మడతెయ్యాల!"

"దేనికేసి మడతెడతాం? నిట్టాడేదీ ఇక్కడ?"

"నిలబడ్డాడు కదా తాడంత!"

మరో మాట లేకుండా ముగ్గురూ పరుగెత్తారు. జీడి కొన మోసుకుంటూ మాంత్రికుడి చుట్టూ తిరిగారు. మోకాళ్ళకు చుట్టారు, నడుముకు చుట్టారు. వాడు తన్నాడు, ఊగాడు, మంత్రం మొదలుపెట్టాడు. ముద్ర పట్టడానికి వేలు లేక మంత్రం నోట్లోనే పొగై పోయింది. వాడు పడిపోతుంటే ముగ్గురూ వీపులొడ్డి నేల తగలనివ్వలేదు. చుట్టు మీద చుట్టు పడి, మాంత్రికుడు నడుమ ఉండగా జీడి మళ్ళీ తాటిమాను లావైంది. బయటికి వాడి మొహం ఒక్కటే కనిపిస్తోంది.

ఉడుముకు బెల్లం వాసన తగిలింది. అది నేల అదిరేలా ఉరికివచ్చి కొరికింది. కోరలు కచ్చున జీడిలోకి దిగి ఇరుక్కున్నాయి. తల విదిలించింది, రాలేదు. ముని చెప్పినట్టే నోరు తెరుచుకుని అలాగే నిలిచిపోయింది.

జయంధరుడు ఎగిరి దాని కింది దవడ మీదికి ఎక్కి, భుజం దాకా చేయి లోపలికి పెట్టాడు. నాలుక కింద వేడి ఊటలో వెతికాడు. భరిణె చేతికి తగిలింది.

అప్పుడు వెచ్చటిదేదో అతని చెంప మీద పడింది. తడిమి చూస్తే బెల్లప్పాకం. ఉడుము ఊపిరి వేడికి జీడి కరుగుతోంది. పైదవడ మెల్లగా, చాలా మెల్లగా కిందికి దిగుతోంది. కరిగిన జీడి అతని చొక్కా చేతిని కోరకు అతికించేసింది. లాగాడు. రాలేదు.

"ఓలమ్మో!" అని గవరమ్మ పరుగున వచ్చి పైదవడ కింద వీపు పెట్టింది. పేరిందేవమ్మ కోడలి పక్కన భుజం ఆనించింది. ఇద్దరి మోకాళ్ళూ వంగిపోతున్నాయి.

కొండ మీద సూర్యుడి అంచు మాత్రమే మిగిలింది. జయంధరుడు నోటి లోపలే భరిణె మూతను బొటనవేలితో తోశాడు.

గొంతు బయటికి వచ్చింది. కువలయ మూగగా ఉన్నన్నాళ్ళూ చెప్పాలనుకున్న మాటలన్నీ ఆ భరిణెలోనే ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి. చివరిది పైన ఉంది. అదే ముందు వచ్చింది.

"అన్నా, రాయి గడ్డం దాకా వచ్చేసింది."

తరువాత దాని కిందిది.

"నేనొక్కదాన్నే ఉన్నాను. పొయ్యి ఆరిపోతోంది."

ఆ తరువాత,

"నోట్లో పెట్టకు గవరమ్మక్కా, నేను చెప్పేది విను!"

ఆ తరువాత, కోన అంతా మారుమోగేలా,

"వాడి నాలుక చూడండి! చేతికివ్వకండి! వాడే!"

గవరమ్మ బావురుమంది. "అయ్యో నా తల్లీ, జీడి అడుగుతున్నావనుకున్నానే!"

మాటలు ఇంకా వస్తూనే ఉన్నాయి. కాళ్ళు చల్లగా ఉన్నాయన్న మాట. గొంగడి గుచ్చుకుంటోందన్న మాట. అన్నా, చేతులకు బొబ్బలెక్కాయి కదూ అన్న మాట.

"ఇవన్నీ తరువాత చెప్పుదువు గాని," అన్నాడు జయంధరుడు. "ఇంటికి పో. పెదవులు మూసుకుపోకముందే చేరాలి."

"నీ చెయ్యి, అన్నా?"

"పో అంటుంటే!"

గొంతు నువ్వుపూల మీదుగా పిట్టలా ఎగిరిపోయింది. పైదవడ ఇంకాస్త దిగి, కోర మొన అతని మోచేతిని తాకింది. జీడి చుట్టల నడుమ నుంచి ధూమ్రజిహ్వుడు ఒక కన్ను తెరిచాడు. కరిగిన పాకంలో వాడి చిటికెనవేలు అప్పుడే కదిలింది.

"యువరాజా," అన్నాడు వాడు మెల్లగా, "ఇప్పుడు ఎవరు ఎవర్ని పట్టుకున్నట్టు?"

జయంధరుడూ, ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఊరి వైపు చెవులొగ్గి ఉన్నారు. అక్కడి నుంచి ఒక కేక వస్తే చాలు, అన్నా అన్న ఒక్క పిలుపు, గొంతు చేరినట్టే.

కొండ మీది ఎర్రటి అంచు పలచబడి, దారంలా సాగి, తెగిపోయింది. కోనలో జీడి బొట్లు బొట్లుగా కారుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.